చెరిగిన చుక్క

మన వార్షిక సంచికకు ఒక అట్ట తెరిస్తే ఉర్దూ, రెండవ అట్ట తెరిస్తే తెలుగు. నిరుడు రెండు విభాగాల చిత్రాలనూ అచ్చుకు సిద్ధపరచే భారం మాపై పడింది.

ఉర్దూ విభాగపు శీర్షికను వృద్ధులైన కాతిబ్ సాహెబు ఒకరు రెల్లు కలంతో వ్రాసి ఇచ్చారు. మేము దానిని సెల్‌ఫోనులో ఫోటో తీసి వాట్సాప్ ద్వారా ముద్రణాలయానికి పంపాము. తెరపై ముత్యాలవలె మెరిసిన అక్షరాలు కాగితంపై మసకబారాయి. చుక్కలు గీతలలో కలిసిపోయాయి. ఉర్దూలో చుక్క అలంకారం కాదు. పైనున్న చుక్క అక్షరం కడుపులోకి దిగితే ‘ఖుదా’ కాస్తా ‘జుదా’, అనగా వేరు, అవుతుంది.

ముద్రాపకుని తొందరపడి నిందించాము. దోషం మాదే. పంపినప్పుడే చిత్రం కుదించుకుపోయింది. అంగుళానికి 300 చొప్పున 6 అంగుళాల వెడల్పుకు 1800 పిక్సెళ్లు కావాలి. అంచులు కత్తిరించగా మాకు మిగిలినవి 900 లోపే. కంప్యూటరు లేనివాటిని ఊహించి నింపుతుందే గాని, పోయిన గీతను తిరిగి తేలేదు. పైగా జేపెగ్ ఫైలును దిద్దిన ప్రతిసారీ మళ్లీ భద్రపరచాము. భద్రపరచడమనే పేరే గాని, ప్రతిసారీ కొంత క్షయం!

ఈ ఏడు స్కానరుపై 600 సాంద్రతతో తీసి, టిఫ్ ఫైలుగా పెన్‌డ్రైవులో ఇవ్వదలచాము. కాని మూలపత్రం మా అశ్రద్ధవల్ల అప్పుడే పోయింది. మళ్లీ వ్రాయించుకొందామని వెళ్లేసరికి, సాహెబు గారు ఇంతెకాల్ అయి నెల దాటింది. అదే శీర్షికను ఆయన సాధన చేసిన కాగితం ఒకటి ఇంటివారు వెదకి ఇచ్చారు. ఈ సంచిక ముఖపత్రంపై ఉన్నది అదే. ఒకచోట సిరా కొద్దిగా పాకింది, మేము దిద్దలేదు.