ఐదు పైసల జీడి

విజయవాడలో బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీదుగా ముందుకు సాగితే పటమట వస్తుంది. ఒకప్పుడిది నగరానికి వెలుపలి గ్రామం. నేడు ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం స్థానికులకు సైతం కష్టమే. హైస్కూలు రోడ్డులో నడిచేవారికి కనిపించేవి బహుళ అంతస్తుల భవనాలు, ఆసుపత్రులు, వస్త్ర దుకాణాలు. ప్రధాన వీధిని వదిలి లోపలి సందుల్లోకి తిరిగితే మాత్రం, ఒకటి రెండు చిల్లర కొట్ల ముందు మూతలున్న సీసాలు ఇంకా కనిపిస్తాయి. అవి గాజువి కావు, ప్లాస్టిక్‌వి. అయినా వాటిని చూసినప్పుడు యాభై ఏళ్లు దాటినవారి నడక కొంత నెమ్మదిస్తుంది.

ఆ సీసాల్లో ఏముండేవో ఈ పత్రిక చదివే పెద్దలకు చెప్పనక్కర లేదు. పిల్లలకు చెప్పాలి. పసుపు, నారింజ రంగుల్లో నిమ్మతొనలు, తెల్లని పిప్పరమెంటు బిళ్లలు, వేరుశనగ చెక్కీలు, మరమరాల ఉండలు ఉండేవి. తిరునాళ్లలోనైతే పంచదార చిలకలు. చిత్తూరులో పుట్టిన న్యూట్రిన్ సంస్థ చాక్లెట్లు వచ్చాక, వాటిని చుట్టిన మెరుపు కాగితాలను ఆడపిల్లలు పుస్తకాల్లో దాచుకునేవారు. ఆ సంస్థ 2006లో గోద్రెజ్ చేతికి వెళ్లింది. ఆ కాగితాల నుంచి సూర్యుణ్ణి చూస్తే లోకమంతా ఎర్రగానో పచ్చగానో కనిపించేది.

అన్నిటిలో నాకు గొప్పగా తోచేది జీడి. అది బెల్లం తప్ప మరేమీ కాదు. ఇదే రోడ్డున బందరు వైపు వెళితే కంకిపాడు, ఆపైన చక్కెర కర్మాగారం గల ఉయ్యూరు వస్తాయి. అంతా చెరకు పండే నేల. అటువంటి చోట బెల్లానికి కొదవ ఉండదు. బెల్లాన్ని నీటిలో కరిగించి, మలినం వడగట్టి, మూకుడులో మరిగిస్తారు. చల్లని నీటిలో వేసిన పాకం చుక్క గట్టిపడి, గిన్నెకు తాకినప్పుడు టంగుమని మోగితే పాకం వచ్చినట్టు. నూనె రాసిన బండ మీద దాన్ని పోసి, చేయి పట్టగలిగే వేడికి వచ్చాక గుంజకు కొట్టిన కొయ్య మేకుకు తగిలిస్తారు. సాగదీస్తారు, మడతపెట్టి మళ్లీ తగిలిస్తారు, మళ్లీ సాగదీస్తారు. గాలి లోపలికి చేరేకొద్దీ ముదురు గోధుమరంగు ముద్ద బంగారు వన్నెకు, ఆపైన తెలుపుకు తిరుగుతుంది. రంగు కలపరు, కష్టమే రంగు తెస్తుంది. ఆ తర్వాత కత్తెరతో ముక్కలు కత్తిరించి నువ్వుల్లో దొర్లిస్తే నువ్వు జీళ్లు. కృష్ణా తీరపు వర్షాకాలంలో మాత్రం అవి గాలిలోని తేమకు కరిగి ఒకదానికొకటి అంటుకునేవి. అప్పుడు ఒకటి అడిగినవాడికి ఒకటిన్నర దక్కేది!

నా బాల్యంలో జీడి వెల ఐదు పైసలు. గుండ్రని మూలలతో చదరంగా ఉండే అల్యూమినియం నాణెం అది. పది పైసల నాణెం అంచు పువ్వు రేకుల్లా ఉండేది. మా దాదీమా ఆ లెక్కను ఎన్నడూ ఒప్పుకోలేదు. 1957లో దశాంశ నాణేలు వచ్చి ఎన్నేళ్లు గడిచినా ఆమె నోట కాణీ, అణా, బేడ అనే మాటలే పలికేవి. శుక్రవారం జుమా నమాజు నుంచి తిరిగివచ్చి అబ్బా చేతిలో పెట్టే ఐదు పైసలు పూర్తిగా మావే. ఏ సీసా వైపు వేలు చూపాలో, తమ్ముడికి ఎంత కొరికి ఇవ్వాలో నిర్ణయం మాదే. కొట్టు తాత బేరాన్ని పెద్దల బేరమంత గంభీరంగా నడిపేవాడు. 25 పైసలు, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. అంతకు చాలా ముందే అవి పిల్లల చేతుల నుంచి జారిపోయాయి.

పాతదంతా శుద్ధమైనదని నేను వాదించను. నిమ్మతొనల్లో ఏ రంగు కలిపేవారో మమ్మల్ని కొనిచ్చిన పెద్దలూ అడగలేదు. వస్త్రాల అద్దకానికి వాడే రోడమిన్-బి రంగు బయటపడిన కారణంగానే 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించాయి. మరోవైపు, నేటి మెత్తని జెల్లీ మిఠాయిల్లో అనేకం పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌తో తయారవుతాయి. కనుక పొట్లం వెనుక ఉన్న చిన్న అక్షరాలను చదవడం మన ఇళ్లలో తల్లులకు అదనపు పని అయింది. బెల్లం జీడి విషయంలో అటువంటి సందేహమే లేదు.

నాణేలు కరవైన కాలంలో ఒక వింత జరిగింది. ఒకప్పుడు పైసలిచ్చి మిఠాయి కొనేవాళ్లం. తర్వాత మిఠాయే పైసలైంది. రూపాయి, రెండు రూపాయల చిల్లరకు బదులు దుకాణదారు టాఫీ చేతిలో పెట్టడం మొదలైంది. ఇప్పుడు ఫోనుతో చెల్లింపులు వచ్చాక అదీ తగ్గింది. పిల్లవాడు కొట్టుకు వెళితే అమ్మీ ఫోను పట్టుకుని వెళతాడు. డబ్బు ఎంత పోయిందో వాడి చేతికి తెలియదు.

కొంతకాలం క్రితం మా మదరసాలో క్రయవిక్రయాల పాఠం నడుస్తోంది. ఈజాబ్, ఖబూల్, ఇరుపక్షాల సమ్మతి గురించి వివరిస్తున్నాను. వెనుక వరుసలోని పన్నెండేళ్ల బాలుడు లేచి, "హజ్రత్, కొట్టులో చిల్లర లేదని రెండు టాఫీలు ఇచ్చారు. నేను అడగలేదు, వద్దనీ అనలేదు. అది అమ్మకమేనా?" అన్నాడు. నోరు మెదపకపోవడం అన్నివేళలా సమ్మతి కాదని చెప్పాను. వాడు కూర్చోలేదు. "అయితే రేపు ఆ టాఫీలే తిరిగి ఇస్తే రెండు రూపాయలుగా తీసుకుంటారా?" అన్నాడు.

తరగతి అంతా నవ్వింది. సాయంత్రం ఇద్దరు పిల్లలు నిజంగానే వెళ్లి అడిగారట. దుకాణదారు కొంతసేపు వాళ్ల ముఖాల వైపు చూసి, టాఫీలు సీసాలో వేసుకుని, రెండు రూపాయలకు సరిపడే రబ్బరు ముక్క ఒకటి ఇచ్చి పంపాడట.