దొరబావి వంతెన మీద గుప్పెడు కొర్రలు

మీటరుగేజి కాలంలో కల్లూరు నుంచి గిద్దలూరుకు వెళ్లడమంటే మాకు ఒక పూర్తి రోజు పని. కర్నూలు స్టేషనులో ప్యాసింజరెక్కి, డోన్‌లో బండి మారి, నంద్యాల దాటి గాజులపల్లె చేరేసరికి నల్లమల ఎదురయ్యేది. అక్కడి నుంచి కిటికీ పక్కచోటు జేజి ఎవ్వరికీ ఇచ్చేది కాదు.

దొరబావి వంతెన మీదికి బండి రాగానే ఆమె కొంగుముడి విప్పి గుప్పెడు కొర్రలు లోయలోకి విడిచేది. "తినే గింజలు పారేస్తావేమి జేజీ?" అని ఒకసారి కసురుకున్నాను. "ఆకలికి పోయినోళ్లుంటారు నాయనా" అని మాత్రం అన్నది. ఎవరని నేనడగలేదు. బొగద సొరంగం చీకటిలో అరవాలన్న ఉత్సాహమే నాకప్పుడు ముఖ్యం.

పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. 1876-78 నాటి మహాక్షామాన్ని మన సీమ ధాత కరువుగా గుర్తుంచుకున్నది. ఆనాడు నల్లమల అంచు ఊళ్లకు రైలు లేదు. ధాన్యం ఎద్దుబండ్ల మీద రావాలి. ఎద్దులకే మేత లేదు. కరువు సీమలకు రైలుదారులు అవసరమని 1880లో కరువు కమిషను చెప్పింది. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే ఆ దశాబ్దంలోనే ఈ అడవి గుండా పట్టాలు వేసింది. జేజి గింజలు ఆ రైలు రాకముందే పోయినవారికని నేననుకుంటున్నాను.

1990లలో గుంతకల్లు–గుంటూరు మార్గం బ్రాడ్‌గేజి అయింది. బండ్లు కొత్తదారి పట్టాయి, పాత వంతెన మూతపడింది. కొత్తదారి మంచిదే, వేగంగా పోయే బండిని చూసి ఏడవడం నాకు చేతకాదు. అయితే ఏసీ పెట్టె కిటికీ తెరుచుకోదు.

ఒకసారి స్థానికుడొకరి తోడుతో అడవిలో నడిచి వెళ్లి చూశాను. దూలాలు లేవు, రాతి స్తంభాలు మాత్రం నిలిచి ఉన్నాయి. జేబులో కొర్రలున్నాయి గానీ విడవడానికి ఎత్తు లేదు. జేజి గింజలు పడేచోటనే నేను నిలబడి ఉన్నాను. కాసేపు పైకి చూసి, కొర్రలను ఒక స్తంభం మొదట్లో పోసి వచ్చాను.

కరువులో పోయినవారిలో మా ఇంటివారెవరైనా ఉన్నారా అన్నది ఆమెను అడగవలసిన ప్రశ్న. చెప్పగలిగిన మనిషి లేదిప్పుడు. మీ ఇళ్లలో ఇటువంటి అలవాట్లున్న పెద్దలుంటే, కసురుకోకుండా ఒక్కసారి అడగండి.