ఉస్తాద్ దమ్ము, షాగిర్ద్ దమ్ము

‘మైదాన్’ సినిమా వచ్చిన కొత్తలో, మా ముమ్మిడివరంలో కొబ్బరి వ్యాపారం చేసే దోస్తు ఒకడు అడిగాడు: “భాయ్, ఈ రహీం గారు మీవోళ్ళాండి, మనోళ్ళాండి?”

ఆ మాటలో నఫ్రత్ ఏమీ లేదు. ప్రతి ఈద్‌కీ మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తాగి వెళ్ళే మనిషి. ‘మీవోళ్ళు’ అంటే ముసల్మాన్లు, ‘మనోళ్ళు’ అంటే తెలుగు నేలవాళ్ళు. ఇదీ అతని మతలబు. రెండూ ఒకే మనిషి కావచ్చన్న ఖయాల్ రాలేదు, అంతే. ఇంట్లో ఉర్దూ, బజార్లో గోదావరి తెలుగు మాట్లాడే మాలాంటివాళ్ళకి ఈ సవాల్ పాతదే. మామూలుగా నవ్వేసి ఊరుకుంటాం. ఈసారి మాత్రం కూర్చోబెట్టి జవాబు చెప్పాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పిన మాస్టారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. ఆ ఏడు మొదలు 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఆ పోలీసులదే. దేశం జట్టు కూడా ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తు. ఇంకొకరైతే ఇజ్జత్ పోయిందని ఇంట్లో కూర్చునేవారు. ఈయన 1956లో అదే దేశం జట్టుని మెల్‌బోర్న్ తీసుకెళ్ళి, ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి, సెమీఫైనల్ ఆడించారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదాకా వెళ్ళిన మొదటి ఆసియా జట్టు మనదే.

ఆ జట్టులో తులసీదాస్ బలరామ్ అనే కుర్రాడు ఉన్నాడు. 1936లో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో, గుర్బత్‌లో పుట్టినవాడు. అతని ఆట చూసి పైకి తెచ్చిన ఉస్తాద్ రహీం సాబే. అమ్ముగూడ నుంచి రోజూ ప్రాక్టీసుకి రావడానికి సైకిల్ కిరాయి పైసలు కూడా ఆయనే ఇచ్చేవారని బలరామ్ చెప్పుకునేవాడు. నాకు ఈ కథలో పతకాల కన్నా ఆ సైకిల్ కిరాయే పెద్దగా కనిపిస్తుంది. ఆ పైసలు ఇచ్చేటప్పుడు రహీం సాబ్ చూసింది కుర్రాడి కాళ్ళని. మీవోడా, మనోడా అని కాదు.

షాగిర్ద్ ఆ తాలీమ్‌కి న్యాయం చేశాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిచాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్టేడియం అంతా మనకి ఎదురు తిరిగి అరుస్తుంటే, ఫైనల్లో దక్షిణ కొరియాని 2–1తో ఓడించిన జట్టులో బలరామ్ ఉన్నాడు. అప్పటికే ఉస్తాద్ ఊపిరితిత్తుల్ని క్యాన్సర్ తినేస్తోంది.

1963 జూన్ 11న రహీం సాబ్ ఇంతెకాల్ అయ్యారు. అదే ఏడు బలరామ్‌ని కూడా ఛాతీ బీమారీ మైదానం నుంచి బయటికి తెచ్చింది. అప్పటికి అతని వయసు ఇరవై ఏడుకి మించి లేదు. ‘దమ్’ అంటే మా ఉర్దూలో ఊపిరి. తెలుగులోకి వచ్చాక అదే ‘దమ్ము’ ధైర్యమైంది. ఫుట్‌బాల్‌కి రెండూ కావాలి. ధైర్యం చివరిదాకా ఉంది ఇద్దరికీ. ఊపిరే సరిపోలేదు.

బలరామ్ తరవాత కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో ఒంటరిగా చాలా ఏళ్ళు బతికాడు. జకార్తాలో పక్కనే ఆడిన చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. అతనికి 1962 నాటి అర్జున అవార్డే మిగిలింది. 2023 ఫిబ్రవరి 16న, ఎనభై ఆరేళ్ళ వయసులో పోయాడు. ఉస్తాద్ మీద సినిమా థియేటర్లలోకి వచ్చింది 2024 ఏప్రిల్‌లో. షాగిర్ద్ ఇంకొక్క ఏడాది పైచిలుకు ఆగి ఉంటే చూసేవాడు.