బేతాళుడి ప్రశ్న

తెలుగు ఎం.ఎ. చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ప్రబంధాలు చెప్పుకుంటున్న మనిషికి దయ్యాల నవలలతో ఏం పని అని చాలామందికి సందేహం. సందేహం న్యాయమైనదే. మా స్టాఫ్ రూములో ఒక పెద్దాయన నా చేతిలో పుస్తకం అట్టమీది పుర్రె బొమ్మ చూసి, "ఏమండీ, ఇంట్లో అంతా కులాసాయే కదా?" అని జాలిగా పరామర్శించారు కూడాను. అంచేత ఈ మధ్య నేను చదివిన ఇంగ్లీషు భయానక నవలల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నచ్చినవి నచ్చాయనీ, నచ్చనివి నచ్చలేదనీ చెప్పటానికి నిజమైన హక్కు డబ్బిచ్చి పుస్తకం కొన్నవాడిది.

భయానకం మనకేమీ పరాయి సరుకు కాదు. భరతముని లెక్క పెట్టిన ఎనిమిది రసాల్లో అదొకటి. ఇక శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడిచే రాజునీ, ఆ శవంలోంచి కథ చెప్పే బేతాళుణ్ణీ ఎరగని తెలుగు పిల్లవాడు లేడు. చందమామ దశాబ్దాలపాటు ఆ ఇద్దర్నీ నెలనెలా మన గుమ్మంలోకి తీసుకువచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్ని మా మేనత్తలు ఇప్పటికీ తలుచుకుంటారు. పత్రిక రాగానే కాగితాలు చింపి దాచి, ఆఖరికి బైండు చేయించుకున్నారట. ఆ బైండు మా ఇంటి అటకమీద వుండేది. పిల్లలెవ్వరం ఒంటరిగా అటకెక్కేవాళ్ళం కాదు.

బేతాళ కథల్లో తమాషా ఏమిటంటే, బేతాళుడు రాజుని కొరకడు, రక్కడు. ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. తెలియకపోతే తప్పులేదు. తెలిసీ నోరు మూసుకుంటేనే శిక్ష. భయానక నవలకి నేను పెట్టుకున్న గీటురాయి ఇదొక్కటే. అందులో దయ్యం ఏదైనా ప్రశ్న అడుగుతోందా? ఆ ఇంట్లోవాళ్ళకి జవాబు తెలిసీ దాచిపెడుతున్నారా? అయితే అది మంచి నవల. ఉత్తినే కిటికీ తలుపులు కొట్టి, దీపాలార్పి పోయే దయ్యమైతే, ఆ పని మా వూళ్ళో కరెంటు వాళ్ళు చాలాకాలంగా చేస్తూనే వున్నారు.

ఇంగ్లీషులో గోథిక్ నవల అనేదానికి మూలపురుషుడు హోరేస్ వాల్పోల్. ఆయన 1764లో 'ఒట్రాంటో కోట' అచ్చు వేసినప్పుడు, అది ఏదో పాత ఇటాలియన్ గ్రంథానికి అనువాదమని బొంకాడు. జనానికి నచ్చాక, మరుసటి సంవత్సరం నాదేనని ఒప్పుకున్నాడు. అందులో కథారంభానే ఆకాశంలోంచి ఇంత పెద్ద శిరస్త్రాణం ఊడిపడి, పెళ్ళికొడుకుని చంపేస్తుంది. చదివితే నవ్వొస్తుంది. కాని ఆ కోట ఇప్పుడున్న ప్రభువు సొత్తు కాదు. అతని తాత అసలు ప్రభువుకి విషం పెట్టి కాజేసినది. దయ్యం వచ్చింది ఆ పద్దు తేల్చటానికి.

ఈ ధోరణి ముదిరి వీధికో దయ్యపు నవల వస్తున్న కాలంలో జేన్ ఆస్టిన్ 'నార్తాంగర్ ఆబీ' రాసింది. ఆమె చనిపోయిన 1817వ సంవత్సరం ఆఖరునగాని అది అచ్చు కాలేదు. అందులో కాథరీన్ అనే అమ్మాయికి నవలల పిచ్చి. అర్ధరాత్రి పాత బీరువాలో రహస్యపు కాగితాలు దొరికాయని వణికిపోతుంది. తెల్లవారి చూస్తే చాకలి పద్దులు! ఆ ఇంటి పెద్ద జనరల్ గారు భార్యని చంపేశాడని కూడా అనుమానిస్తుంది. అదీ అబద్ధమే. కాని, ఈ పిల్ల తాననుకున్నంత డబ్బుగలది కాదని తెలిసిన నాడు అదే జనరల్ గారు పొద్దున్నే ఆమెను ఒంటరిగా ఇంట్లోంచి పంపేస్తాడు. దయ్యం లేదు గాని, భయపడవలసిన మనిషి వున్నాడు. ఆడపిల్లల తల్లిదండ్రులకి నేను వేరే వ్యాఖ్యానం చెప్పక్కర్లేదు.

ఇక ఇటీవలి వాటికి వస్తాను. సిల్వియా మొరీనో గార్సియా 2020లో వెలువరించిన 'మెక్సికన్ గోథిక్' ఆస్టిన్ చెప్పిందే ఇంకో దోవన చెబుతుంది. కథ 1950ల నాటిది. నొయెమీ అనే షోకుల పిల్లకి, కొత్తగా పెళ్ళయి వెళ్ళిన పినతండ్రి వరస అక్కగారి దగ్గరనుంచి వింత ఉత్తరం వస్తుంది. తండ్రి, "వెళ్ళి సంగతి కనుక్కురా, నిన్ను ఎం.ఎ. చదవనిస్తాను" అని బేరం పెడతాడు. కొండమీద బంగళా. వెండి గని తవ్వుకోవటానికి వచ్చి స్థిరపడ్డ ఇంగ్లీషు కుటుంబం. గోడలనిండా బూజు. ఆ బూజు వట్టి బూజు కాదని మాత్రం చెప్పి ఊరుకుంటాను. ఇంటి యజమాని భోజనాల బల్లదగ్గర మేలుజాతి, కీడుజాతి అని సిద్ధాంతాలు చెబుతాడు. గనిలో చచ్చిన కూలీల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. మొదటి వంద పేజీలూ నత్తనడక, ఆఖరి యాభై పేజీలూ మంటల హడావుడి. అయినా సరే, ఆ ఇల్లు నాలుగు రోజులు నా వెంట తిరిగింది.

దానికంటే బరువైన పుస్తకం స్టీఫెన్ గ్రాహమ్ జోన్స్ రాసిన 'ది బఫెలో హంటర్ హంటర్'. 2025లో వచ్చింది. జోన్స్ అమెరికాలో బ్లాక్‌ఫీట్ తెగవాడు. నవలలో 1912లో ఒక లూథరన్ పాదిరీ దగ్గరికి ఆ తెగ మనిషొకడు వచ్చి తన కథ చెప్పుకుంటాడు. అతడు నెత్తురు తాగి బతికేవాడు. రక్తపిశాచి కథలు మనం 1897 నాటి 'డ్రాకులా' నుంచీ చదువుతూనే వున్నాం. కాని ఇక్కడ కథకి వెనక నిజంగా జరిగిన ఘోరం వుంది. 1870 జనవరి 23న మరియాస్ నది ఒడ్డున అమెరికా సైనికులు ఇంచుమించు రెండువందలమంది బ్లాక్‌ఫీట్ జనాన్ని చంపేశారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. పాదిరీ వినటానికి కూర్చున్నాడు గాని, అసలు ప్రశ్న తననే అడుగుతున్నారని పోనుపోను అతనికీ మనకీ తెలుస్తుంది. చదవటం కష్టమైన పుస్తకం. రాత్రి భోజనమయ్యాక మాత్రం వద్దు.

ఇప్పుడు నా వృత్తికి దగ్గరగా వచ్చే రకం. దీన్ని 'డార్క్ అకడమియా' అంటున్నారు. చీకటి కళాశాల అనుకుందాం. 2020లో కాలేజీలు మూతపడి, పిల్లలు ఇళ్ళల్లో కూర్చున్న రోజుల్లో ఈ పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది. కాలేజీ లేనప్పుడే కాలేజీమీద మోజు పుట్టిందన్నమాట! వీటిలో నాసిరకం నవలలకి ఒక వంటకం వుంది. వాన పడుతూ వుండాలి. కొవ్వొత్తి, తోలు అట్టల పుస్తకాలు, లాటిన్ ముక్కలు రెండు, ఒక రహస్య సంఘం, ఒక శవం. ఆ నవలల్లో విద్యార్థులెవరూ పరీక్ష ఫీజు కట్టరు. హాజరు తక్కువైందని కండొనేషన్ కట్టరు. హాస్టల్లో సాంబారు నీళ్ళగా వుందని ఎవరూ గొడవ చెయ్యరు. అలాంటివి నేను మూడు చదివాను. మూడింటి పేర్లూ చెప్పను. ఒకదాన్నుంచి ఇంకొకటి విడదీసి గుర్తుపెట్టుకోలేకపోవటమే కారణం.

ఈ రకానికంతటికీ తల్లివేరు 1992లో డోనా టార్ట్ రాసిన 'ది సీక్రెట్ హిస్టరీ'. ముప్పై ఏళ్ళు దాటినా దీనిముందు నిలిచేది నాకు కనబడలేదు. హత్య జరిగిందని మొదటి పేజీలోనే చెప్పేస్తుంది. ఎవరు చచ్చారో, ఎవరు చంపారో దాచిపెట్టదు. ఎందుకన్నదే కథ. జూలియన్ మారో అనే గ్రీకు ఆచార్యుడు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది విద్యార్థుల్ని ఏరుకుంటాడు. ఇంచుమించు అన్ని పాఠాలూ తన దగ్గరే చదవాలంటాడు. తక్కిన అధ్యాపకులతో, తక్కిన విద్యార్థులతో వాళ్ళకి సంబంధం తెగిపోతుంది. రిచర్డ్ అనే పేదింటి కుర్రాడు ఆ జట్టులో చేరటానికి తన పుట్టుపూర్వోత్తరాల గురించి అబద్ధాలాడతాడు. ఆఖరికి ఆ ఆచార్యుడికి తన శిష్యులు చేసిన పని తెలుస్తుంది. ఏం చేస్తాడు? పోలీసులకి చెప్పడు. పిల్లల్ని మందలించడు. మూటా ముల్లే సర్దుకుని కాలేజీ వదిలి వెళ్ళిపోతాడు.

పుస్తకం మొత్తంమీద నన్ను భయపెట్టింది ఆ ఘట్టం. హత్య కాదు. తరగతి గదిలో నలుగురు పిల్లలు కళ్ళింత చేసుకుని మన నోటివంక చూస్తూ వుంటే కలిగే సంతోషం నాకు తెలుసు. ఏ మేష్టారికైనా తెలుసు. మిగతా అరవైమందినీ మరిచిపోయి ఆ నలుగురికే పాఠం చెప్పాలనిపిస్తుంది. చెప్పింది వాళ్ళ తలకెక్కితే మన గొప్ప. ఎక్కరాని చోటికి ఎక్కితే? బేతాళుడు అడిగినప్పుడు జూలియన్ తెలిసీ నోరు మూసుకున్నాడు. నవలలో అతని తల పగల్లేదు. అదే ఆ నవల గొప్పతనం. లోకంలో కూడా అలాంటివాళ్ళ తలలు పదిలంగానే వుంటాయి.

ఆర్.ఎఫ్. కువాంగ్ 2022లో రాసిన 'బేబెల్' నాలాంటి భాషా పండితుడు చదివి తీరాలి. 1830లలో ఆక్స్‌ఫర్డులో అనువాదకుల సంస్థ ఒకటి వున్నట్టు కల్పన. కాంటన్ నుంచి ఒక కుర్రాడు, కలకత్తా నుంచి ఒకడు, ఇలా పరాయి దేశాల పిల్లల్ని తెచ్చి అక్కడ చదివిస్తారు. వెండి కడ్డీమీద రెండు భాషల మాటలు పక్కపక్కన చెక్కుతారు. ఒక భాషలోంచి ఇంకోదానిలోకి పోగా మిగిలిపోయిన అర్థం వుంటుందే, అది మంత్రశక్తి అవుతుంది. ఆ శక్తితో సామ్రాజ్యం నడుస్తుంది. 'ఎంగిలి' అనే మాటని ఇంగ్లీషులో పెట్టటానికి మా తరగతి ఒకసారి పీరియడంతా తంటాలు పడింది. ఏం చేసినా కొంత మిగిలిపోయింది. కువాంగ్ ఆ మిగిలిపోయినదానిలోనే శక్తి వుందంటుంది. ఎంత చక్కటి ఊహ!

ఈ కథ మనకి దూరపుది కాదు. చెన్నపట్నంలో సెంట్ జార్జి కోట కళాశాలని కంపెనీ 1812లో పెట్టింది తమ దొరలకి మన భాషలు నేర్పటానికి. వేమన పద్యాల్ని 1829లో అచ్చు వేయించిన బ్రౌను దొరా కంపెనీ ఉద్యోగే. ఆయన నిఘంటువు నా బల్లమీద ఇప్పుడూ వుంది. ఆయనకి రోజూ దణ్ణం పెడతాను. అయినా ఆ నిఘంటువు ఏ జీతం డబ్బులతో తయారయిందన్న ప్రశ్న 'బేబెల్' చదివాక నన్ను వదలటంలేదు. దణ్ణమూ వుండాలి, ప్రశ్నా వుండాలి. నవలలో లోపం ఒకటుంది. రచయిత్రికి చదువరిమీద నమ్మకం చాలదు. అర్థమయిందాన్నే మళ్ళీ అధోజ్ఞాపికలో బోధిస్తుంది. మేష్టర్లం మేమే అంత చెప్పం.

ఆమెదే 2025లో వచ్చిన 'కెటబాసిస్' ఇంకా చిత్రమైనది. కేంబ్రిడ్జిలో మంత్రశాస్త్రం చదివే ఇద్దరు పరిశోధక విద్యార్థులు, చచ్చిపోయిన తమ గైడుని వెతుక్కుంటూ నరకానికి పోతారు. దారిఖర్చు మిగిలిన ఆయుర్దాయంలో సగం. నచికేతుడు యముణ్ణి మృత్యురహస్యం అడిగాడు. సావిత్రి భర్త ప్రాణాలు అడిగింది. వీళ్ళకి కావలసింది సిఫార్సు ఉత్తరం! నేను పకపకా నవ్వాను. అరపేజీ గడిచేసరికి నవ్వు ఆగిపోయింది. ఆ గైడు బతికున్నాళ్ళూ వాళ్ళని పీల్చి పిప్పి చేసినవాడు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. అయినా అతని సంతకం లేనిదే తమకి బతుకు లేదనుకుంటారు. మధ్యలో నరకం వర్ణనలు కాస్త సాగదీత. కాని ఆ ఒక్క సంగతి కోసం పుస్తకం కొనవచ్చు.

ఇది చదివి మా అమ్మాయి, "నాన్నా, ఇలాంటి ప్రొఫెసర్లు నిజంగా వుంటారా?" అని అడిగింది. దానికి పై వూళ్ళో పరిశోధనకి సీటు వచ్చింది. వచ్చే నెల ప్రయాణం. లేరని చెబితే మా ఆవిడ సంతోషించేది. నేను చెప్పలేదు. "వుంటారమ్మా. పేరు ప్రతిష్ఠలు చూసి గైడుని ఎంచుకోకు. ఆయన గదిలోంచి బయటికి వెళ్ళాక విద్యార్థులు ఏం చేస్తారో చూడు. నవ్వుకుంటే ఫరవాలేదు. గుసగుసలాడుకుంటే ఆలోచించు. ఎవరూ ఏమీ మాట్లాడకపోతే మాత్రం పెట్టె సర్దుకుని తిన్నగా ఇంటికొచ్చెయ్. సీటు పోతే పోనీ" అన్నాను.

"అంత ఖర్చుపెట్టి కట్టిన ఫీజు?" అన్నది మా ఆవిడ వంటింట్లోంచి.

"పోనీ" అన్నాను మళ్ళీ.

అమ్మాయి 'సీక్రెట్ హిస్టరీ' తీసి పెట్టెలో అడుగున పెట్టుకున్నది.