పెంకు కచ్చానా, పక్కానా?



టెర్రేస్ మీదో, పెరట్లోనో చిన్న పందిరి వేసి, పైన ఎర్ర పెంకులు కప్పించుకోవాలని ఈ మధ్య చాలామంది పేరెంట్స్ అనుకుంటున్నారు. మొన్నటి పీటీఎమ్‌లో మార్కుల సంగతి అయ్యాక ముగ్గురు నలుగురు నన్ను అదే అడిగారు. "మిస్, మీది పెంకుటిల్లట కదా, మంచి పెంకులు ఎక్కడ దొరుకుతాయి?" అని. ఆ సంగతి వాళ్లకు పిల్లలే చెప్పారు.

మూడో తరగతి ఈవీఎస్‌లో ఇళ్ల పాఠం ఉంది. వర్క్‌షీట్‌లో ఉన్న బొమ్మలను కచ్చా, పక్కా అనే రెండు గడుల్లో వేయాలి. గుడిసె కచ్చా, డాబా పక్కా. పెంకుటిల్లు దగ్గరకొచ్చేసరికి క్లాసులో చాలామంది కచ్చా గడిలో వేశారు. ఎందుకని అడిగితే ఒక పాప, "అది పూర్ పీపుల్ హౌస్, మిస్" అంది. ప్రతి సెలవులకీ తాతగారి పెంకుటింటికి వెళ్లొచ్చి కబుర్లు చెప్పే బాబు ఒకడు, ఆ మాటకి తల దించుకుని పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాడు. "నేను పుట్టి పెరిగింది పెంకుటింట్లోనే" అన్నాను. క్లాసంతా నిశ్శబ్దం.

అప్పుడు బోర్డు మీద మూడు మాటలు రాశాను. కచ్చా అంటే పచ్చిది. పక్కా అంటే వండినది, పండినది. మన 'పక్వం' కూడా ఆ మాటకు చుట్టమే. టెర్రకోట ఇటాలియన్ మాట, కాల్చిన మట్టి అని అర్థం. పచ్చి మట్టిని అచ్చులో నొక్కి, నీడన ఆరబెట్టి, బట్టీలో కాలిస్తే పెంకు అవుతుంది. మరి కాలిన పెంకు కచ్చా ఎలా అవుతుంది? 2001 జనాభా లెక్కల్లో కూడా పెంకు కప్పును శాశ్వత కప్పుల్లోనే చేర్చారని చెప్పాను. ఆ బాబు రబ్బరు తీసుకుని తన జవాబు తనే చెరుపుకున్నాడు.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. మనకు దొరికే పెంకులు ముఖ్యంగా రెండు రకాలు. కుమ్మరులు చేసే గూన పెంకులు ఒకటి. ఒకదానికొకటి గాడిలో కూర్చునే బంగాళా పెంకులు రెండోది. ఈ రెండో రకాన్నే మంగుళూరు పెంకులు అంటారు. 1860ల్లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టి వీటిని చేయించారు. తోట పందిరికి ఇవే తేలిక. పెంకుకి పెంకు పట్టు ఉంటుంది, తక్కువ పడతాయి.

కొత్తవి కావాలంటే డీలర్లు ఉన్నారు. నన్నడిగితే, పాత ఇళ్ల తలుపులు, దూలాలు అమ్మే దుకాణాల్లో ముందు వెతకండి. ఎన్నో వానలు తట్టుకున్న పెంకులు అక్కడ ఉంటాయి. ఏరేటప్పుడు ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో తట్టండి. ఖంగుమంటే బాగా కాలినట్టు. బొద్దుగా మోగితే పగులో, పచ్చిదనమో ఉన్నట్టు. వెనక రీపరుకి తగులుకునే కొక్కెం విరగకూడదు. పెచ్చులు ఊడుతుంటే, తెల్లగా ఉప్పు పేరుకుంటే వదిలేయండి. నాచుకి భయపడక్కర్లేదు, బ్రష్‌తో రుద్దితే పోతుంది. అనుమానంగా ఉంటే రెండు రకాల నుంచి ఒక్కోటి తూకం వేసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే మళ్లీ తూచండి. ఏది తక్కువ నీళ్లు తాగిందో అది మేలు.

లెక్క కూడా చూసుకోవాలి. చదరపు మీటరుకి సుమారు 15 బంగాళా పెంకులు పడతాయి. 10 అడుగులకి 10 అడుగుల పందిరికి 30 డిగ్రీల వాలు ఇస్తే దాదాపు 160 కావాలి. చూరు బయటికి వస్తుంది, కొన్ని విరుగుతాయి కాబట్టి 200 తెచ్చుకోండి. నడిమధ్య కొప్పు పెంకులు వేరే. పెంకు రెండున్నర కిలోలనుకున్నా 400 కిలోలు, వానలో ఇంకా ఎక్కువ. టెర్రేస్ మీదైతే ఇంజనీరుని అడగకుండా వేయించకండి. పెంకులు చేతికి వచ్చాకే, వాటిని కొలిచి రీపర్లు కొట్టించండి. చూరు వరుసని తీగతో కట్టిస్తే గాలికి లేవదు.

ఇంత చెప్పినా, వచ్చే వేసవిలో మా నాన్నగారు మా ఇంటి ముందు వసారా పెంకు దించి స్లాబ్ వేయిస్తున్నారు. కోతులు ఎక్కి పెంకులు లాగేస్తున్నాయి, వానలకు ముందు ఎక్కి సర్దే మనుషులు మా ఊళ్లో ఇద్దరే మిగిలారు, ఇద్దరూ పెద్దవాళ్లే. అరవై దాటిన నాన్నని నిచ్చెన ఎక్కమని నేను చెప్పలేను. అమ్మకైతే డాబా ముప్పై ఏళ్ల కోరిక. డాబా కట్టుకోవడం తప్పు కాదు. పెంకు కింద పెరగడం చిన్నతనమూ కాదు. ఈ రెండూ మన పిల్లలకి ఒకేసారి తెలియాలని నా ఆశ.

దించిన పెంకుల్ని నాన్న మన బ్రాంచికి ఇస్తానన్నారు. వెనకున్న ఖాళీ స్థలంలో రీడింగ్ కార్నర్‌కి పందిరి వేయడానికి ప్రిన్సిపాల్ మేడమ్ ఒప్పుకున్నారు. స్తంభాలు, కప్పు పని వడ్రంగి చేస్తారు. పెంకులు తట్టడం, తూచడం, లెక్కపెట్టడం మన మూడో తరగతి పిల్లలు చేస్తారు. లారీ వచ్చే ఆదివారం తేదీ డైరీలో పంపిస్తాను. వీలున్నవాళ్లు రండి. తాతయ్యలకీ నానమ్మలకీ కుర్చీలు వేయిస్తాం. ఏ పెంకు మంచిదో వాళ్లు చూడగానే చెప్పేస్తారు.