ఆ భాగం దొరకకపోతే ఈ భాగం

ఆరోగ్యం గురించి చెప్పే డాక్టరుకు రేడియోలతో ఏమి పని అని మీరు అడగవచ్చు. ఉద్యోగ విరమణ తరువాత పాత ట్రాన్సిస్టర్ రేడియోలను బాగుచేయడం నాకొక వ్యాపకమైంది. చిక్కల్లా విడిభాగాలతోనే. ఒకప్పుడు ప్రతి రేడియోలోనూ కనిపించిన ఏసీ 128 ట్రాన్సిస్టరు కోసం కోఠీ గుజరాతీ గల్లీ అంతా తిరిగి, చివరకు బదులుగా ఎస్‌కె 100 జత తెచ్చాను. రెండూ పీఎన్‌పీ రకమే కదా అనుకున్నాను. రేడియో పలికింది గాని, శబ్దం తగ్గించినప్పుడు మాటలు గరగరలాడాయి. పాతది జెర్మేనియం, సుమారు 0.2 వోల్టులకే పనిచేస్తుంది. కొత్తది సిలికాన్, దానికి 0.6 వోల్టులకు పైగా కావాలి. బయాస్ రెసిస్టరు మార్చాక స్వరం కుదుటపడింది. నాకు నవ్వు వచ్చింది. ప్రెడ్నిసలోన్ 5 మిల్లీగ్రాములు చేసే పనిని డెక్సామెథసోన్ 0.75 మిల్లీగ్రాములే చేస్తుందని ఎందరు జూనియర్లకు చెప్పానో!

కాని తరువాత చేసిన పొరపాటు నవ్వుకునేది కాదు. ఆ రేడియోకు ఇనుప పెట్టెలో నేనే ఒక పవర్ సప్లయి కట్టాను. అందులో మెయిన్స్ తీగకూ పెట్టెకూ మధ్య ఉండే 'వై' తరగతి కెపాసిటరు పగిలితే, ఇంట్లో ఉన్న మామూలు సిరామిక్ కెపాసిటరు వేశాను. విలువ అదే, పైగా 1000 వోల్టులది. ఇంకేమి కావాలి?

కొన్ని నెలల తరువాత మనవడు పెట్టెపై చేయి వేసి, "తాతయ్యా, కరెంటు కొడుతోంది" అన్నాడు. వాడి కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. విప్పి చూస్తే కెపాసిటరు షార్టయింది. వై తరగతివి పాడైనా షార్టు కాకుండా తెగిపోయే విధంగా చేస్తారు, మామూలు వాటికి ఆ భరోసా లేదు. గోడ సాకెట్లో ఎర్త్ రంధ్రం ఉంది, దాని వెనుక తీగ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుండె గుండా కొద్ది పదుల మిల్లీ ఆంపియర్లు పోయినా లయ తప్పవచ్చునని తెలిసినవాడిని నేను.

మరునాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను. మీ ఇంట్లో ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ స్విచ్ ఆపండి, తరువాతే ముట్టుకోండి. బ్యాటరీ వైపు ఎన్ని ప్రయోగాలైనా చేయండి. మెయిన్స్ వైపు మాత్రం అదే తరగతి భాగం దొరికేవరకు ఆ పెట్టెను అటక మీదే ఉంచండి. నాది ఇప్పుడు అక్కడే ఉంది.