పొయ్యి దగ్గరి గొట్టం

పోస్ట్ కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి, మీ ఇంటికీ పనికొచ్చే సంగతే.

మా అమ్మ పొయ్యి ఊదే గొట్టం పొడుగ్గా, బరువుగా ఉండేది. నా చిన్నప్పట్నుంచీ అది ఊదుగొట్టమే. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లి అటక సర్దుతుంటే సగం చెక్కి వదిలేసిన కర్ర దొరికింది. ఒక చివర భుజానికి ఆనేలా వంపు, పైన పొడుగునా గాడి. అనుమానం వచ్చి గొట్టం తెచ్చి గాడిలో పెట్టి చూశా. సరిగ్గా కూర్చుంది. ఒళ్లు చల్లబడింది.

అమ్మనడిగితే నవ్వింది. "మీ తాత పందుల కోసం నాటు తుపాకీ చేయించుకుందామని మొదలెట్టాడురా. పూర్తవకుండానే పోయాడు. దాని వెనక మూసేసుంటే నాకు ఊదడానికి పనికొచ్చేదా?"

నిజమే. వెనక మూయలేదు, ట్రిగ్గర్ లేదు. పేలనే పేలదు. మరి అది తుపాకీ ఎలా అవుద్ది?

హాస్టల్‌కి వచ్చాక లా చదివే సీనియర్ అన్నని అడిగా. ఆయుధాల చట్టం, 1959 తీసి చూపించాడు. సెక్షన్ 2 ప్రకారం ఆయుధాల భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. కేవలం ఇంటిపనికో వ్యవసాయానికో తయారైన వస్తువులు రావు.

"మాది ఊదుగొట్టమే కదన్నా" అన్నా.

"వాడుతున్నది పొయ్యికే. చేసింది దేనికి?" అన్నాడు. నేనేం మాట్లాడలేకపోయా.

సెక్షన్ 45లో కొన్ని మినహాయింపులున్నాయి. బాగుచేసినా తుపాకీగా పనిచెయ్యని పాడైపోయిన ఆయుధానికీ, మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకీ చట్టం వర్తించదు. కానీ తుపాకీకి గొట్టం చిన్న భాగమని కోర్టులో వాదించడం తేలిక కాదు. పైగా దానికి సరిపోయే కర్ర మా అటక మీదే ఉంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేస్తే కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఉత్తగా దగ్గరుంచుకున్నా 2 నుంచి 5 ఏళ్లు.

ఈ గొడవ మన ఏజెన్సీలోనే కాదు. అమెరికాలో కొన్ని కంపెనీలు తుపాకీ ముఖ్య భాగాన్ని కొన్ని రంధ్రాలు వెయ్యకుండా వదిలేసి, ఇది ఇంకా తుపాకీ కాదంటూ నంబరు లేకుండా అమ్మేవి. కొన్నవాళ్లు ఇంట్లో పూర్తి చేసుకునేవాళ్లు. 2022లో ప్రభుత్వం నియమం తెచ్చింది. 2025 మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో దాన్ని నిలబెట్టింది. పూర్తికాని రాతప్రతిని కూడా రచయిత నా నవల అనే అంటారు కదా, ఇదీ అంతే అన్నట్టు తీర్పులో ఒక పోలిక ఉంది.

అది చదివినప్పుడు మా తాత చెక్కిన కర్రే కళ్లముందు మెదిలింది. అక్కడివాళ్లు చట్టంలో సందు వెతికి సగంలో ఆపారు. మా తాతకి చట్టమే తెలీదు, ప్రాణం పోయి సగంలో ఆగింది. రేపు సోదాకొచ్చిన వాళ్లకి ఈ తేడా ఎవరు చెప్తారు? అమ్మకి చదువు రాదు. ఆ గొట్టం రోజూ పట్టుకునేది అమ్మే.

అందుకే ఉచిత న్యాయ సహాయానికి ఫోన్ చేశా. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. నంబరు 15100, రాసిపెట్టుకోండి. లాయర్, సర్పంచ్ వెంట రాగా గొట్టం, కర్ర రెండూ స్టేషన్లో అప్పగించి కాగితం రాయించుకున్నాం. అప్పగిస్తే కేసు ఉండదని ముందే ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ఒంటరిగా వెళ్లొద్దు, రసీదు లేకుండా రావొద్దు.

ఈసారి సెలవులకి మీ అటకలూ ఒకసారి చూడండి. మొన్న అమ్మకి సంతలో కొత్త ఊదుగొట్టం కొనిచ్చా. పాతదానంత బాగా గాలి రావట్లేదని ఇప్పటికీ తిడుతూనే ఉంది.